రెండు కేంద్రాలకూ 54 మార్కులే వస్తే ఏది మంచిది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒడిశాలో గుణుపురం దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరిన అమ్మాయి రెండు నెలల్లో 12 అంగన్‌వాడీ కేంద్రాలు చూసి, ప్రీస్కూల్ ఎలా నడుస్తోందో రిపోర్టు ఇవ్వాలి. చేతికి 62 ప్రశ్నల ఫారం ఇచ్చారు. అన్నీ అవును, కాదు అని టిక్ పెట్టేవే. ముందుగా రెండు కేంద్రాలు చూసి వస్తే రెండింటికీ 54 మార్కులు వచ్చాయట. "మేడమ్, ఒకచోట పిల్లలు నా మీద పడి కబుర్లు చెప్పారు. రెండోచోట మూడు గంటల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఫారంలో ఆ తేడా ఎక్కడా కనబడలేదు. తప్పు నాదా, ఫారందా?"

తప్పు ఫారందేనమ్మా. నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. టెన్షన్ పడకు.

నాది పర్లాకిమిడి. గజపతి జిల్లాలో అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా పని చేసి రిటైరయ్యాను. నువ్వు అడిగిన ప్రశ్న నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు గానీ నాకు తట్టలేదు. ఎలా తట్టిందో ముందు చెబుతాను.

మొదట్లో నా సెక్టార్‌లో ఒక కేంద్రానికి ఫస్ట్ ర్యాంకు ఇచ్చాను. గోడల నిండా బొమ్మలు, ఒడియా అక్షరాలు, పళ్ళ చార్టు, వారం పేర్లు. రిజిస్టర్లు అద్దంలా ఉండేవి. నేను వెళ్ళగానే పిల్లలందరూ లేచి నిలబడి ఒకే గొంతుతో పాట పాడేవారు. మరుసటి ఏడాది ఆ ఊరి ప్రైమరీ స్కూలుకు వేరే పని మీద వెళ్తే ఒకటో తరగతి మాస్టారు అన్న మాట ఇది: "మీ దగ్గర్నుంచి వచ్చిన గుంటలు పలకరు మేడమ్. పేరడిగితే తల దించేసుకుంటారు. పాడమంటే మాత్రం అందరూ కలిసి పాడతారు." ఆ రాత్రి నా డైరీలు అన్నీ తిరగేశాను. ఆ కేంద్రానికి వెళ్ళిన ప్రతిసారీ కబురు పెట్టి వెళ్ళాను. అరగంట రిజిస్టర్లు చూశాను, పది నిమిషాలు గోడలు చూశాను. ఒక్క పిల్లాడు ఒంటరిగా మాట్లాడిన ఒక్క వాక్యం కూడా నా డైరీలో లేదు.

నీ 62 ప్రశ్నలు తీసి చూసుకో. ఎన్ని వస్తువుల గురించి, ఎన్ని మనుషుల మధ్య జరిగే పని గురించి? నా అంచనా, 50 దాకా వస్తువులే ఉంటాయి. గది ఉందా, మరుగుదొడ్డి ఉందా, బరువు చూసే మిషన్ ఉందా, ఆట వస్తువుల కిట్ వచ్చిందా. ఇవి అక్కర్లేదని కాదు. చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద 2013లో వచ్చిన జాతీయ విధానంతో పాటు ఇచ్చిన ప్రమాణాల్లో 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలని, 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని రాశారు. అవి లేకపోతే దీదీ, అంటే అంగన్‌వాడీ కార్యకర్త, ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? కానీ అవి ఉన్నంత మాత్రాన పిల్లవాడికి ఏమీ అందదు. వస్తువులు లెక్కపెట్టడం సులువు కాబట్టి ఫారాలన్నీ అటే ఒరుగుతాయి. కిట్ వచ్చిందా అంటే అవును. ఆ కిట్ బీరువాలో తాళం వేసి ఉందా, పిల్లల చేతుల్లో ఉందా అన్నది అడగరు. పిల్లలు పాడు చేస్తారని, పోతే తన జీతంలో కోస్తారని భయపడి దాచిపెట్టిన దీదీలను నేను ఎంతమందిని చూశానో!

అందుకని మొదటి రోజు ఆ ఫారాన్ని సంచిలోంచి బయటికి తీయకు. కేంద్రం తెరవకముందే వెళ్ళు. గుమ్మం దగ్గర ఎవరు ముందు వచ్చారు, చీపురు ఎవరు పట్టుకున్నారు, ఏడుస్తూ వచ్చిన పిల్లను దీదీ ఎలా లోపలికి తీసుకుంది, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. దీదీకి నిజం చెప్పు, "మార్కులు వెయ్యడానికి రాలేదు, పొద్దంతా ఎలా గడుస్తుందో చూడ్డానికి వచ్చాను" అని. కుర్చీ వేస్తే వద్దను. కుర్చీలో కూర్చుంటే నువ్వు ఆఫీసరువి. మూలన చాప మీద కూర్చో. మొదటి గంట నీకోసం నాటకం ఆడతారు, పాటలు పాడిస్తారు. రెండో గంటకు అలసిపోతారు. అప్పుడు అసలు రోజు మొదలవుతుంది. ఒక్కో కేంద్రానికి కనీసం రెండు పొద్దులు, వీలైతే మూడు. 12 కేంద్రాలకు రెండు నెలలంటే సరిపోతుంది. జీడిపిక్కల సీజన్‌లో, కొండ మీద పని ఎక్కువ ఉన్న రోజుల్లో సగం మంది పిల్లలు అమ్మల వెంట వెళ్ళిపోతారు. ఆ వారం చూసి హాజరు లేదని రాయకు.

ఇక చాప మీద కూర్చుని ఏం చేయాలి? నా పద్ధతి ఇది. ముగ్గురు పిల్లల్ని ఎంచుకో. వాగుడుకాయ ఒకరు, మధ్యరకం ఒకరు, గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు ఒకరు. ఒక్కొక్కరిని ఐదు నిమిషాలు చూడు. ఆ ఐదు నిమిషాలూ వేరే ఎవరినీ చూడకు. వాళ్ళు ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు, ఏ మాట అన్నారు, వాళ్ళతో పెద్దవాళ్ళు ఎన్నిసార్లు మాట్లాడారు, అన్నీ అన్న మాటలు అన్నట్టే రాసుకో. గంటకోసారి అదే ముగ్గురిని ఇంకో రెండుసార్లు చూడు. పొద్దు గడిచేసరికి ఒక్కొక్కరి మీద పావుగంట చొప్పున కాగితం తయారవుతుంది. నా మొదటి కాగితాల్లో గోడకు ఆనుకున్న పిల్ల పేరు కింద పదిహేను నిమిషాలకు ఒక్క మాటే ఉంది, "బయటికి పోతాను". ఆ పిల్లతో దీదీ అన్నదీ ఒక్కటే, "కూర్చో". గోడ మీద చార్టుకు మాత్రం నేను టిక్ పెట్టాను.

రెండోది, ఖాళీగా ఎదురుచూసే సేపు. గడియారం పెట్టుకుని లెక్కపెట్టు. చేతులు కడుక్కోవడానికి వరస, పళ్ళాల కోసం వరస, అన్నం ఉడికేదాకా నోటి మీద వేలు, దీదీ ఫోన్‌లో ఫోటో అప్‌లోడ్ అయ్యేదాకా నిశ్శబ్దం. కొన్ని చోట్ల పొద్దులో సగం ఇలాగే పోతుంది. పిల్లలు చెడ్డవాళ్ళు, అల్లరి చేస్తున్నారు అంటారు కానీ చేతిలో ఏమీ లేకుండా నాలుగేళ్ళ గుంట ముప్పావు గంట కూర్చోగలడా? నేనైతే కూర్చోలేను.

అదే వరస, అదే అన్నం వేరేలా జరిగిన చోటు ఒకటి చెబుతాను. కొండ కింద ఊరు, రెండు గదుల కేంద్రం. వంటింట్లోంచి సహాయకురాలు పళ్ళాల కట్ట తెచ్చి ఒక పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెళ్ళి, చివర్న ఆగి, "దీదీ, ఇంక ఇద్దరికి లేవు" అంది. దీదీ వెంటనే తెచ్చివ్వలేదు. "అయితే ఎన్ని కావాల?" అంది. పిల్ల ఆ ఇద్దరి వైపు చూసి, రెండు వేళ్ళు చూపించింది. అన్నం వడ్డించేటప్పుడు దీదీ ఒక్కొక్కరినీ "ఎంత పెట్టీమంటావు?" అని అడిగింది. "కొంచిం." "ఇంకొంచిం." "సాల్చాలు!" ఇరవై నిమిషాల్లో గది నిండా లెక్కలు, మాటలు. ఆ కేంద్రంలో గోడకు సున్నం కూడా సరిగ్గా లేదు. మీ ఫారంలో 'భోజనం వడ్డించారా' అన్న దగ్గర రెండు కేంద్రాలకూ ఒకే టిక్ పడుతుంది.

మరో పొద్దు అక్కడే, చింతపిక్కల ఆట. ఒక బుడ్డోడు పిక్కల్ని రెండు కుప్పలుగా పెట్టాడు. పెద్దవి, చిన్నవి అనుకున్నాను నేను. దీదీ పక్కన కూర్చుని, "ఇవెందుకు ఏరేగా పెట్టినావు?" అని అడిగి ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది. వాడు ఒక పిక్కను తిప్పి పగులు చూపించి, "దీనికి దెబ్బ తగిలింది" అన్నాడు. దెబ్బ తగిలినవి ఒక కుప్ప, తగలనివి ఒక కుప్ప. దీదీ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతుందో మనసులో లెక్కపెట్టడం అప్పట్నుంచి అలవాటు చేసుకున్నాను. చాలామంది ఒకటి, రెండు లెక్కపెట్టేలోపే జవాబు తామే చెప్పేస్తారు. అడిగే ప్రశ్నలు కూడా రాసుకో. 'ఇదేం రంగు' లాంటివి ఎన్ని, 'ఎందుకు, తర్వాతేమైంది, నువ్వైతే ఏం చేస్తావు' లాంటివి ఎన్ని. పొద్దంతా రెండో రకం ఒక్కటీ రాని కేంద్రాలు ఉంటాయి.

భాష సంగతి విడిగా చెప్పాలి, మన సరిహద్దు ఊళ్ళలో ఇదే అన్నిటికన్నా పెద్దది. మీ ఫారంలో 'టీచర్ మాతృభాషలో బోధిస్తున్నారా' అని ఉంటుంది. అవును అని టిక్ పెట్టి ఉంటావు, ఎందుకంటే దీదీ ఒడియాలో చెప్పింది. ఎవరి మాతృభాష? మన గజపతి, రాయగడ ఊళ్ళలో ఒకే చాప మీద తెలుగింటి పిల్ల, ఒడియా ఇంటి పిల్ల, సవర గిరిజనుల ఇంటి పిల్ల కూర్చుంటారు. మా వీధి గుంటల నోట ఇంట్లో వచ్చేది శ్రీకాకుళం తెలుగు, బయట ఒడియా. ఒకచోట దీదీ బొమ్మ కార్డు పట్టుకుని "ఇదేంటి?" అంది. తెలుగు పిల్ల గట్టిగా "గుడ్డు!" అంది. దీదీ, "కాదు, అండా." పిల్ల మొహం చిన్నబోయింది. తర్వాత వచ్చిన ఆరు కార్డులకూ నోరు తెరవలేదు. పిల్లకు గుడ్డంటే తెలుసు, దాని పేరు తెలుసు, అయినా తప్పు అనిపించుకుంది. మరో కేంద్రంలో ఇదే కార్డుకు దీదీ "ఔను, గుడ్డే. ఒడియాలో అండా అంటాం" అని, పక్కనున్న సవర పిల్లాడి వైపు తిరిగి "మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగింది. వాడు చెప్పాడు. అందరూ ఆ మాట అనబోయి నవ్వుకున్నారు. దీదీకి కూడా సరిగ్గా పలకలేదు, వాడు దిద్దాడు. వాడి మొహం చూడాలి అప్పుడు.

ఇదేమీ కొత్త సంగతి కాదు మన ఊరికి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ళకు ముందే సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టి చదివించారు. ఆయన్ని వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం కానీ, ఇంటి భాషలో బడి మొదలవ్వాలన్న పట్టు ఆయనకు ఈ కొండల దగ్గరే వచ్చిందని నా నమ్మకం. ఒడిశా ప్రభుత్వం కూడా బహుభాషా విద్యను 2006 ప్రాంతంలో గిరిజన భాషలతో మొదలుపెట్టింది, అంగన్‌వాడీల్లో 'నువా అరుణిమ' పాఠ్యక్రమం ఉంది. కాగితం మీద దారి ఉంది. నువ్వు చూడాల్సింది చాప మీద. కాబట్టి ఫారంలో ఆ ప్రశ్న కొట్టేసి ఇలా రాసుకో: ఏ ఏ ఇంటి భాషల పిల్లలున్నారు, దీదీకి వాటిలో ఎన్ని అర్థమవుతాయి, పిల్ల ఇంటి మాట అన్నప్పుడు దీదీ ఏం చేసింది. సహాయకురాలిని మరచిపోకు. దీదీకి రాని భాష చాలాసార్లు ఆమెకు వస్తుంది. పిల్లలు ఆమె కొంగు పట్టుకునే తిరుగుతారు.

ఇప్పుడు ఫారాన్ని ఎలా మార్చాలి అన్నది. ప్రపంచంలో దీనికి కొలబద్దలు చాలానే ఉన్నాయి. 1980లో అమెరికాలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ తయారుచేసిన ఈకర్స్ అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉంది. దాంట్లో అవును, కాదు దగ్గరే ఆగిపోరు. 1 నుంచి 7 వరకు మెట్లు, ఏ మెట్టు మీద ఏం కనబడాలో మాటల్లో రాసి ఉంటుంది. చెన్నైలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ దాన్నే తమిళనాడు కేంద్రాలకు తగ్గట్టు మార్చి టీకర్స్ చేసింది. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం వాళ్ళది మరొకటి ఉంది. క్లాస్ అనే కొలబద్ద అయితే వస్తువుల జోలికే పోదు, టీచరుకూ పిల్లలకూ మధ్య జరిగేదే చూస్తుంది. వీటిలో ఏదీ ఉన్నది ఉన్నట్టు మన వరండాలోకి తేవద్దు. విడివిడి ఆట మూలలు, చిన్న కుర్చీలు, బల్లలు ఉన్న గదుల్ని చూసి రాసిన మెట్ల మీద చింతచెట్టు కింద నడిచే కేంద్రాన్ని నిలబెడితే ఎప్పుడూ కింది మెట్టే. అంగన్ అంటేనే ముంగిలి. మహారాష్ట్ర తీరాన బోర్డీలో 1945లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పిల్లల దగ్గరికే వెళ్ళి వాళ్ళ ముంగిట్లో బడి పెట్టారు. ఆ ముంగిలికి కుర్చీ లేదని మార్కు తగ్గించడం నాకు నచ్చదు.

వాటి నుంచి తీసుకోవాల్సింది మెట్ల ఆలోచన ఒక్కటే. 'కథ చెప్పారా' అన్న ప్రశ్న తీసుకో. మొదటి మెట్టు, కథ లేదు. రెండో మెట్టు, దీదీ చెప్పింది, పిల్లలు విన్నారు. మూడో మెట్టు, మధ్యలో ఆపి అడిగింది, ఇద్దరు ముగ్గురు జవాబు చెప్పారు. నాలుగో మెట్టు, పిల్లలే కథను తమ ఇంటి సంగతికి ముడిపెట్టారు, లేకపోతే తిరిగి చెప్పారు, మార్చేశారు. ఇలా ఒక ఎనిమిది, పది ప్రశ్నలకు చేస్తే చాలు. మాట, కథ, ఆట వస్తువులు పిల్లల చేతికి రావడం, బయట ఆట, భోజనం, ఏడ్చే పిల్లను ఓదార్చడం, తప్పు చేసిన పిల్లతో దీదీ తీరు, ఇంటి భాష. మిగతా 50 టిక్కులు వేరే కాగితం మీద ఉంచు, ఈ మెట్లతో కలిపి కూడకు. రెండింటినీ కూడితే 54, 54 అవుతుంది, మళ్ళీ మొదటికొస్తావు.

నీతో పాటు ఇంకొకరిని మొదటి మూడు కేంద్రాలకు తీసుకెళ్ళు. ఇద్దరూ ఒకే పొద్దు చూసి, ఒకరిది ఒకరు చూడకుండా మెట్లు వేసుకోండి. బయటికొచ్చి టీ కొట్టు దగ్గర పోల్చుకోండి. నువ్వు మూడు వేసినచోట ఆమె ఒకటి వేస్తే ఎవరిది తప్పు అని కాదు, ఆ మెట్టు మాటలు స్పష్టంగా లేవని అర్థం. తిరగరాయండి. ఈ పని చేయకుండా 12 కేంద్రాలకు మార్కులు ఇస్తే అవి కేంద్రాల మార్కులు అవ్వవు, నీ మూడ్ మార్కులు అవుతాయి.

పిల్లలకు పరీక్ష పెట్టి కేంద్రాన్ని కొలవమని మీ సంస్థలో ఎవరో అంటారు, చూస్తూ ఉండు. జాగ్రత్త. రెండు నెలల్లో ఒక్కసారి పరీక్ష పెడితే నువ్వు కొలిచేది ఎక్కువగా ఆ ఇంటి తిండి, అమ్మ చదువు, పిల్ల వయసు. మూడున్నర ఏళ్ళ పిల్లకూ అయిదేళ్ళ పిల్లకూ ఉన్న తేడా కేంద్రం చేసింది కాదు కదా. తెలంగాణ (అప్పటి ఉమ్మడి ఆంధ్ర), రాజస్థాన్, అస్సాంలలో దాదాపు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా వెంట ఉండి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. అయిదేళ్ళు నిండేసరికి బడికి సిద్ధంగా ఉండాల్సినంతగా చాలామంది లేరని, ప్రీస్కూళ్ళలో ఎక్కువ భాగం అక్షరాలు, అంకెలు వల్లె వేయించడమే నడుస్తోందని అందులో తేలింది. ప్రైవేటువి కూడా దీనికి మినహాయింపు కాదు. తల్లిదండ్రులు నోటుపుస్తకం నిండితే చదువు వచ్చినట్టు అనుకుంటారు, టై కట్టిన మూడేళ్ళ గుంట ఏ, బీ, సీ రాస్తే మురిసిపోతారు. మా మేనకోడలూ అంతే, చెప్పి చెప్పి ఊరుకున్నాను. పిల్లల్ని కొలవాలనే అనుకుంటే ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఇంటి భాషలో, ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, అదే పిల్లల్ని కొలవాలి. నీ రెండు నెలల్లో అది అవ్వదు, రిపోర్టులో ఆ మాటే రాసేయ్.

దీదీ వైపు కూడా ఒక పేజీ ఉండాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో కేంద్రం వివరాలు రోజూ ఎక్కించాలి. రిజిస్టర్లు అటుంచు. మమతా దివస్ (తల్లీబిడ్డల ఆరోగ్య పరీక్షల రోజు), ఛతువా (ఇంటికిచ్చే పోషకాహార పిండి) పంపిణీ, ఇళ్ళ సందర్శన, సర్వేలు. నువ్వు వెళ్ళిన రెండు పొద్దుల్లో ఆమె ఎన్ని నిమిషాలు పిల్లలతో ఉంది, ఎన్ని నిమిషాలు ఫోన్‌తో, కాగితాలతో ఉందో రాసుకో. ఒక్కోసారి ఆ ఒక్క లెక్కే కేంద్రం సంగతంతా చెప్పేస్తుంది, అప్పుడు సలహా ఇవ్వాల్సింది దీదీకి కాదు.

కొట్టడం, తాగే నీళ్ళు బాగోకపోవడం, పెచ్చులూడే పైకప్పు, మూత లేని బావి, ఇవి కంటబడితే రెండు నెలల రిపోర్టు దాకా ఆగకు. ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పు, రాసి ఇవ్వు. వీటికి మెట్లు లేవు.

వచ్చే ముందు దీదీతో పది నిమిషాలు కూర్చో. నువ్వు చూసిన మంచి పని ఒకటి, ఎవరితో ఏం అన్నదో సహా చెప్పు. "బాగా చేస్తున్నారు" అంటే ఆమెకు ఏమీ అందదు. "ఆ పిల్ల ఏడుస్తుంటే మీరు ఒళ్ళో పెట్టుకుని అటుకులు ఏరమన్నారు, రెండు నిమిషాల్లో ఊరుకుంది" అంటే అందుతుంది. మార్చుకోవాల్సింది కూడా ఒక్కటే చెప్పు. నేను ఒకప్పుడు తొమ్మిది చెప్పేదాన్ని, తొమ్మిదీ గాలికి పోయేవి.

నువ్వు ముందే చూసి వచ్చిన ఆ రెండు కేంద్రాలకూ మళ్ళీ వెళ్ళు, వాటితోనే మొదలుపెట్టు. మాట్లాడని కేంద్రంలో భోజనం వేళ తప్పకుండా ఉండు. గోడకు ఆనుకున్న పిల్ల దగ్గర ఐదు నిమిషాలు రాసుకున్న కాగితం ఉంటే పంపు, కలిసి చూద్దాం. పిల్లలు అన్న ఒడియా, సవర మాటలు చెవికి వినబడినట్టు తెలుగు లిపిలోనే రాసేయ్, అర్థం తర్వాత సహాయకురాలిని అడగొచ్చు.